యుద్ధములో ఉక్కుపెట్టె



మా పలివెల ప్రాంతమున కాలువలపై కొబ్బరికాయల పడవలు నడచిన దినములను బాల్యమున కొంత చూచితిని. తోటలో దింపిన కాయలను బండి కెత్తవలెను. బండినుండి గట్టునకు దింపవలెను. గట్టునుండి పడవకు మోయవలెను. అవతలి రేవున మరల నదియే పని. చేయి మారిన ప్రతిచోట లెక్క, లెక్క పెట్టిన ప్రతిచోట తగవు. పడవ నడచిన కాలముకంటె నిలిచిన కాలమే హెచ్చు. మహాసముద్రములు దాటు నోడల బాధయు నించుమించుగా నిదియే.

వర్తకున కిది నష్టము, సేనానికి ప్రాణాపాయము. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిన వృత్తాంతమును మా పెద్దలవలన వినియుంటిని. రేవులో కదలక నిలిచిన యోడకంటె శత్రువునకు సులభమైన గురి యేమున్నది?

ఈ చిక్కునకు అమెరికా సైన్యము, సరకును మూటమూటగా మోయుట మాని, ఉక్కుపెట్టెలో నించి తాళమువేసి, పెట్టెనే యంత్రముతో నెత్తు నుపాయమును పట్టెను. కొరియా యుద్ధము జరుగుచుండగా, 1952లో, 'కోనెక్సు' అను పెట్టెలు వాడుకలోనికి వచ్చినవి. ఒక్కొక్కటి ఎనిమిదిన్నర యడుగుల పొడవు. వియత్నాములో సైనికులు ఖాళీ కోనెక్సులను వెనుకకు పంపక, ఇసుక సంచులు పేర్చి గుండ్లదెబ్బకు మరుగుగా వాడుకొనిరట! ప్రాణభయము కలవానికి పెట్టె యేమి, యిల్లేమి?

ఇంతలో మాల్కం మెక్లీన్ అను లారీల వ్యాపారి 1956 ఏప్రిలు 26న 'ఐడియల్ ఎక్స్' అను నోడపై 58 పెద్దపెట్టెలను నెవార్కునుండి హ్యూస్టనుకు పంపెను. లారీపై నున్న పెట్టెయే యోడపైకిని, ఓడనుండి మరల లారీపైకిని పోవును. లోని సరకును తాకువారు లేరు. 1965 తరువాత వియత్నాము రేవులలో ఓడలు దినముల తరబడి వేచియుండగా, సైన్యము 1967లో ఈతని కంపెనీతో నొడంబడిక చేసికొనెను. ఆ సంవత్సరాంతమున కామ్ రాన్ రేవునకు ఒకే యోడ 609 పెట్టెలను తెచ్చెను. తిరుగుప్రయాణమున నోడలు ఖాళీగా పోనేల యని, మెక్లీన్ వానిని జపాను రేవులకు మళ్లించి అచ్చటి సరకు నెత్తించెను. యుద్ధపు కిరాయితో వర్తకపు దారి పడినది!

అయితే మూసిన పెట్టెలో నేమున్నదో పైకి తెలియదు. 1990-91 గల్ఫు యుద్ధమునకు సుమారు 40,000 పెట్టెలు చేరగా, లోపలి సరకేమో తెలియక సగమునకు పైగా తెరచి చూడవలసివచ్చెను. వేగముగా వచ్చిన సరకు ఇసుకలో నిలిచిపోయినది; కావలసిన వస్తువు పక్కనే యుండియు సిపాయికి దొరకలేదు. పెట్టెను చేసిన శ్రద్ధలో నాలుగవవంతు దాని చీటీపై చూపియుండిన నీ యవస్థ లేకపోవునని నా యభిప్రాయము. పిమ్మట సైన్యమువారు రేడియో తరంగములతో లోని సరకును తెలుపు చీటీలను పెట్టెలకు తగిలింపసాగిరి.

మా పడవ సరంగు చీటీని తలపాగలో దోపుకొనెడివాడు. ఒకమారు వానకది తడిసి యక్షరములు చెదిరిపోయినవి. ఆ రాత్రి లాంతరు వెలుతురున కాయలన్నిటిని మొదటినుండి లెక్కించితిమి.