హబ్సిగూడలో కొత్త మేడలు

భువనగిరి, వరంగల్లు వైపునుండి బస్సులో నగరమునకు వచ్చు మన పల్లెవారు పలువురు ఉప్పలులో దిగుదురు. అచటినుండి తార్నాకకు పోవు త్రోవలో హబ్సిగూడ తగులును. నడివీధిని స్తంభములమీద మెట్రో రైలు పోవుచుండును. ఇరుప్రక్కల అయిదంతస్తుల మేడలు. వాని వెనుక సందులలో పాత ఇండ్లు, రేకుల గదులు. హబ్సీ యనగా అబిస్సీనియా దేశస్థుడు. ఆఫ్రికానుండి వచ్చి దక్కను ప్రభువుల కొలువులో సైనికులై బ్రదికిన వారి పేరే యీ గూడెమునకు నిలిచినది. కొత్తవారు వచ్చి తల దాచుకొనుట ఈ చోటికి వింత గాదు. అయితే కొత్త ఇల్లు లేచిన చోట పాతవాడు ఎచటికి పోవలెను? ఈ ప్రశ్న హైదరాబాదునకు నూరేండ్లనాడే వచ్చినది.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిని మూసీనది పొంగి నగరమును ముంచెను. పదునైదు వేలమంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరని నేటికిని చెప్పుకొందురు. మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించిరి. నదికి ఎగువనున్న చెరువులు ఇన్నూటికిపైగా తెగినవని వారు కనుగొనిరి. చెరువుకట్ట తెగుట యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సలహాలనుండియే 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు ఏర్పడినవి.

వరద వెనుక ప్లేగు వచ్చెను. 1912లో నగరాభివృద్ధి మండలిని స్థాపించిరి. ఇట్టి సంస్థ బొంబాయిలో 1898లోనే పుట్టినది. అచటివారు ప్లేగు భయమున వీధులు వెడల్పు చేసిరి, ఇరుకు ఇండ్లు పడగొట్టిరి. కాని తొలి సంవత్సరములలో పడగొట్టిన వానికి సరిపడ గట్టలేకపోయిరి. వెడలగొట్టబడిన కూలివాడు ప్రక్క పేటలోని గదిలో మరి నలుగురితో ఇరుకుకొనెను. హైదరాబాదు మండలి మురికిపేటలను తొలగించుటతోపాటు బీదలకు వరుస ఇండ్లు గట్టుటయు తన పనిగా నెంచుకొన్నది. మల్లేపల్లి మొదలగు చోట్ల ఆ ఇండ్లను నేటికిని సీ.ఐ.బీ. క్వార్టర్లనియే పిలుతురు. తొలగింపబడిన ప్రతివానికిని ఇల్లు దక్కెనని నేననను. అడుగవలసిన ప్రశ్నను వారు అడిగిరి, అదియే గొప్ప.

ఇక హబ్సిగూడ. దాపుననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చినది. ఉద్యోగులు స్థలములు కొని, మామిడి, కొబ్బరి నాటుకొని, ఒంటి అంతస్తు ఇండ్లు గట్టుకొనిరి. పెరటి గదులలో ఉప్పలు, నాచారము కర్మాగారముల పనివారు అద్దెకుండిరి.

1987లో అపార్టుమెంట్ల చట్టము వచ్చెను. మేడలో ఒక వాటా కొన్నవానికి నేలలో విడదీయని భాగము కూడ హక్కుగా రాసాగెను. అప్పటినుండి ఇల్లుగలవాడు తన స్థలమును బిల్డరుకిచ్చి, లేచిన వాటాలలో సగమో, కొంచె మెక్కువో తక్కువో పుచ్చుకొనుచున్నాడు. మన పల్లెలో పొలము పాలికిచ్చినట్లే. పాలికాపునకైన పంటలో భాగముండును. పెరటి గదిలో ఇరువదియేండ్లున్న కిరాయిదారు పేరు ఆ ఒప్పందపు కాగితములో కానరాదు. 2017లో మెట్రో నడచినది. స్థలముల ధర పెరిగినది. అతడు బోడుప్పలో, మేడిపల్లియో వెదకుకొనవలసినదే.

నేను మేడలకు విరోధిని గాను. నేల చాలనప్పుడు ఇంటిమీద ఇల్లు గట్టక తప్పదు. ముసలివారికి లిఫ్టు సుఖము, ఒంటరివారికి కావలి ధైర్యము. కాని మేడ క్రింద ఏమి వదలిరో చూడవలెను. నేటి మేడలకు క్రింది అంతస్తు వట్టి స్తంభములే; అందు వాహనములు నిలుపుదురు. వానరాగా నేల పీల్చుకొనుటకు పెరడు లేదు, అంతయు సిమెంటు. 2020 అక్టోబరు 13వ తేదిని ఘటకేసరు వైపున 32 సెంటీమీటర్లకు పైబడి వాన కురిసెను. రామంతాపురము చెరువు పొంగి హబ్సిగూడ ఎనిమిదవ నంబరు వీధిలోనికి నీరు దూరెను. పై అంతస్తులవారు చీకటిలో కూర్చుండిరి. నేలమట్టపు గదులవారి బియ్యము, పరుపులు, పిల్లల పుస్తకములు నీటిపాలయ్యెను. విశ్వేశ్వరయ్యగారు మొదట చెరువులవంక చూచుటకు కారణ మిదియే.

మరుసటి సంవత్సరము నగరములో నాలాలు బాగుచేయుటకు ప్రత్యేక పథకము నారంభించిరి. నాలా వెడల్పు కావలెనన్న దాని గట్టుననున్న ఇండ్లు తీయవలెను. గట్టున నుండువారు మేడలలో వాటాలు కొనగలవారు గారు. వారిని తీసి ఎచట నుంచవలెనన్న మాట, 1912నాటి మండలి బల్లమీదనున్న మాటయే, మరల లేచినది.