సీసీ కెమెరా పెట్టిస్తున్నారా? కొనే ముందు, బిగించాక చూసుకోవాల్సినవి ఇవే

నారాయణపేట: దొంగతనం జరిగితే పోలీసులు ముందుగా అడిగేది ‘కెమెరా ఉందా?’ అనే. కెమెరా ఉంటుంది. తీరా చూస్తే హార్డ్‌డిస్క్ నిండి పాత ఫుటేజీ చెరిగిపోయి ఉంటుంది. లేదా దొంగ తల తప్ప ముఖం కనిపించదు. 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రమైన నారాయణపేట పట్టుచీరలకు, బంగారం దుకాణాలకు పేరున్న ఊరు. కర్ణాటక సరిహద్దు పక్కనే. ఇలాంటి చోట కెమెరా పేరుకు ఉంటే చాలదు, అవసరానికి పనికిరావాలి.

చట్టం ఏం చెబుతోంది?

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత (చర్యలు) అమలు చట్టం తెలంగాణలోనూ వర్తిస్తుంది. ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చిపోయే దుకాణాలు, ఆస్పత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాల వంటివి కెమెరాలు పెట్టాలి. ఫుటేజీని 30 రోజులు దాచాలి. ఇళ్లకు ఈ నిబంధన లేకున్నా 30 రోజుల లెక్క అందరికీ మంచిదే.

ఏ కెమెరా కొనాలి?

మెగాపిక్సెల్ ఒక్కటే చూసి కొనొద్దు, లెన్స్ కూడా అడగండి. కొత్త వ్యక్తి ముఖాన్ని కచ్చితంగా గుర్తించాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఆ లెక్కన 2 మెగాపిక్సెల్ కెమెరాకు 2.8 ఎం.ఎం. లెన్స్ ఉంటే ముఖం స్పష్టంగా తెలిసేది సుమారు 3 మీటర్ల వరకే. 6 ఎం.ఎం. లెన్స్ అయితే 7 మీటర్ల దాకా తెలుస్తుంది, కానీ పక్కలకు తక్కువ కనిపిస్తుంది. అందుకే షాపు మొత్తానికి ఒక వెడల్పు లెన్స్, గుమ్మానికి మరొకటి విడిగా పెట్టుకోవడం మేలు.

బయట పెట్టేదానికి ఐపీ66 లేదా ఐపీ67 రేటింగ్ ఉండాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు సైబర్ భద్రతా పరీక్షలు కూడా తప్పనిసరి అయ్యాయి. డబ్బాపై ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

హార్డ్‌డిస్క్ ఎంత కావాలి?

ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 30 రోజులకు దాదాపు 2.6 టీబీ. అంటే 1 టీబీ డిస్క్ 11 రోజులకే నిండి, పాతది చెరిగిపోవడం మొదలవుతుంది. 4 టీబీ పెడితే నెల దాటినా ఇబ్బంది లేదు. కంప్యూటర్ డిస్క్ కాకుండా నిఘా కెమెరాల కోసం చేసిన డిస్కే అడగండి.

ఎలా బిగించాలి?

వైఫై కన్నా కేబులే నమ్మకం. పీవోఈ స్విచ్ ఉంటే ఒకే కేబుల్‌లో కరెంటు, వీడియో రెండూ వెళ్తాయి. ఆ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. స్విచ్, రికార్డర్, రౌటర్ మూడింటినీ ఒకే యూపీఎస్‌కు కలిపితే కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు.

గుమ్మం కెమెరాను మరీ ఎత్తులో పెడితే టోపీలు, నడినెత్తులే కనిపిస్తాయి. రికార్డర్‌ను కౌంటర్ కింద పెట్టొద్దు. దొంగ దాన్నే ఎత్తుకెళ్తే ఏమీ మిగలదు. తాళం ఉన్న అల్మారాలో, గాలి ఆడేలా ఉంచండి.

పక్కింటి తలుపు, కిటికీలు ఫ్రేములోకి రాకుండా చూడండి. ట్రయల్ రూముల్లో కెమెరా పెట్టి మహిళలను చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు.

మన కెమెరాలో ఇంకెవరైనా చూస్తారా?

పాస్‌వర్డ్ మార్చకపోతే చూడగలరు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లను వశం చేసుకుంది.

బిగించిన రోజే కెమెరా, రికార్డర్, రౌటర్ మూడింటి పాస్‌వర్డ్‌లూ మీరే మార్చండి. ఇన్‌స్టాలర్ ఫోన్‌లోని యాప్ నుంచి మీ ఖాతా తీయించండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేస్తానంటే వద్దనండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు. వీడియోలు బయటికి పోయాయని తెలిస్తే 1930కి ఫోన్ చేయండి.

ఫుటేజీ కోర్టులో చెల్లాలంటే?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఉండాలి. ఒక భాగంలో రికార్డర్ నిర్వహించేవారు, మరో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. ఘటన జరిగితే టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసి వదిలేయకండి. ఆ ఫైలును వెంటనే రికార్డర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. టైం ఆటోమేటిక్‌గా సరిచేసుకునే సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉండాలి.

చివరి బిల్లు ఇచ్చే ముందు

రాత్రి లైట్లు ఆపి గుమ్మంలో ఒకరిని నిలబెట్టండి. ముఖం తెలుస్తోందా? నిన్నటి ఫుటేజీ తెరుచుకుంటోందా? కరెంటు తీస్తే రికార్డింగ్ ఆగకుండా నడుస్తోందా? ఈ మూడూ సరిపోయాకే మిగతా డబ్బు ఇవ్వండి. తర్వాత నెలకోసారి ఇదే పరీక్ష చేసుకుంటే, అవసరం పడిన రోజు కెమెరా మిమ్మల్ని నట్టేట ముంచదు.