పి.యు.సి. నుంచి పి.యు.సి. దాకా: కృష్ణా మెట్ట ప్రాంతంలో కళాశాల పూర్వవిద్య

పాఠశాల ముగించిన విద్యార్థి కళాశాల చదువుకు సిద్ధమయ్యాడని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు కాలాల్లో మూడు సమాధానాలు వచ్చాయి: మొదట విశ్వవిద్యాలయం, తరువాత ఇంటర్మీడియట్ బోర్డు, ఆపైన కొందరి విషయంలో మళ్ళీ విశ్వవిద్యాలయం. 11+1+3 స్థానంలో 10+2+3 వచ్చిందన్న సూత్రంతో ఈ చరిత్రను ముగించడం పరిపాటి. కంచికచర్ల వంటి మెట్ట గ్రామం నుంచి చూస్తే ఆ అంకెల్లో కనిపించని అంశం ఒకటుంది. మారిన ఆ ఒక్క ఏడాదిని విద్యార్థి ఎక్కడ గడపాలి?

1. ఒక్క ఏడాది వంతెన

పాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ కూడా విశ్వవిద్యాలయాల ఆధీనంలోనే నడిచింది. దాన్ని రద్దు చేయాలని 1952-53 నాటి ముదలియార్ కమిషన్ సూచించింది. ఆ మేరకు 1950ల ద్వితీయార్ధంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సు, దానిపై మూడేళ్ళ డిగ్రీ అమలయ్యాయి. పదకొండో తరగతి వరకు తెలుగులో చదివిన గ్రామీణ విద్యార్థి ఆ ఒక్క ఏడాదిలోనే భౌతిక, రసాయన శాస్త్రాలను ఆంగ్లంలో అందుకోవాలి. పేరుకు సన్నాహక కోర్సు, ఆచరణలో జల్లెడ. పైగా కంచికచర్ల విద్యార్థికి కళాశాల అంటే ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయవాడ; అంటే గది అద్దె, భోజన ఖర్చు. 1968లో దళిత యువకుడు కోటేశును సజీవ దహనం చేసిన ఊరు కంచికచర్ల. పొలం పని వదిలి పట్నంలో చదువుకోవడమన్నది ఆ ఊళ్ళో అన్ని కులాలకూ ఒకే అర్థమున్న మాట కాదు.

2. ఊరు కోల్పోయిన తరగతి

కొఠారీ కమిషన్ సిఫారసుల నేపథ్యంలో 1969-70 నుంచి రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ మొదలైంది. 1971 చట్టంతో బోర్డు ఏర్పడి, ఈ దశ విశ్వవిద్యాలయాల చేతి నుంచి జారిపోయింది. మొత్తం చదువు కాలం మారలేదు. పన్నెండేళ్ళు పన్నెండేళ్ళుగానే ఉన్నాయి. అయితే ఉన్నత పాఠశాలలో, అంటే ఇంటికి దగ్గరలో, గడిచే పదకొండో తరగతి పోయి, ఆ ఏడాది జూనియర్ కళాశాలకు చేరింది. దగ్గరలో జూనియర్ కళాశాల లేని చోట ఊరు విడిచి గడపవలసిన సన్నాహక కాలం ఒకటి నుంచి రెండేళ్ళయింది. దీనికి ప్రతిగా దక్కింది భాష: 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చింది. దూరం పెరిగినా భాష దగ్గరైంది. ఈ మార్పిడిని లాభనష్టాల ఒకే పద్దులో రాయడం కష్టం. జూనియర్ కళాశాలలు క్రమంగా చిన్న పట్టణాలకు వచ్చేనాటికి ప్రైవేటు వసతి కళాశాలలు కూడా వచ్చాయి. చదువు ఖర్చు మళ్ళీ ప్రధాన ప్రశ్న అయింది.

3. నూజివీడు: పాత పేరు, కొత్త ప్రవేశద్వారం

2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రారంభమైంది. పదో తరగతి ముగించిన వారిని నేరుగా చేర్చుకొని రెండేళ్ళ పి.యు.సి., నాలుగేళ్ళ బి.టెక్. కలిపి ఆరేళ్ళ చదువును ప్రాంగణంలోనే సాగించే పద్ధతి ఇది. విశ్వవిద్యాలయం ఈ దశను తిరిగి తన చేతిలోకి తీసుకుంది. బోధన మళ్ళీ ఆంగ్లంలోనే. అయితే ఆ భాషకు అలవాటు పడడానికి ఒక ఏడాది కాక రెండేళ్ళు, వాటితో పాటు వసతి లభించాయి.

అసలు తేడా ప్రవేశంలో ఉంది. వసతి లేని ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల విద్యార్థుల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపే నిబంధన వచ్చింది. మార్కు వెనుక ఉన్న పాఠశాలను కూడా లెక్కలోకి తీసుకోవడం తొలినాటి పి.యు.సి. ఎరుగని ఆలోచన. అదే సమయంలో, తొలి ఏడాది మూడు ప్రాంగణాలకు కలిపి సుమారు 6000గా ఉన్న ప్రవేశాలు తరువాత ఒక్కో ప్రాంగణానికి 1000కి తగ్గడాన్నీ విస్మరించలేము. ద్వారం రూపం మారింది, వెడల్పు తగ్గింది.

కోవిడ్ వల్ల 2020, 2021లలో పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ఈ పద్ధతి ఆధారమే కదిలింది. ఆ రెండేళ్ళూ ప్రవేశపరీక్ష పెట్టారు. శిక్షణ కేంద్రాలకు అలవాటు పడిన పట్టణ విద్యార్థికీ, జిల్లా పరిషత్ పాఠశాల విద్యార్థికీ ఒకే ప్రశ్నపత్రం ఒకే అవకాశమని భావించడానికి వీలులేదు. 2022లో మళ్ళీ పదో తరగతి మార్కులే ప్రాతిపదిక అయ్యాయి. ఆ ఏడాది జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కంచికచర్ల ఎన్టీఆర్ జిల్లాలోకీ, నూజివీడు ఏలూరు జిల్లాలోకీ వెళ్ళాయి.