ఇంటి కంప్యూటరు తాళము: ఒక చరిత్ర

చీకటి పడిన తరువాత తలుపు తట్టిన వానిని "ఎవరు?" అని అడుగుట లోకాచారము. తెలిసిన గొంతు వినబడినచో గడియ తీయుదుము. లేనిచో మఱొక ప్రశ్న వేయుదుము. గొంతును గుర్తింపజాలని చోట, అనగా వేలకొలది జనముండు సేనాశిబిరములయందును, రాజద్వారములయందును, ఈ ప్రశ్నకు మానవుడు పూర్వమే రెండుపాయములు కల్పించుకొనెను. ఒకటి తెలిసిన మాట. రెండవది చేతనున్న గురుతు.

క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునాటి చరిత్రకారుడు పొలీబియస్ రోమను సేనలలో మొదటి ఉపాయము ఎట్లు సాగెనో వర్ణించియున్నాడు. ఆనాటి రాత్రి సంకేతపదమును కొయ్యపలకలపై వ్రాసి దళమునుండి దళమునకు పంపెడివారు. చీకటి పడకమునుపే పలకలన్నియు అధికారిని తిరిగి చేరవలెను. ఒక పలక రాకున్నచో అది ఎచట నిలిచిపోయెనో గురుతులను బట్టి కనిపెట్టెడివారు. రెండవ ఉపాయము మనకు ఇంకను సుపరిచితము. అశోకవనమున సీతాదేవికి హనుమంతునిపై నమ్మకము కుదిరినది రామనామాంకితమైన ఉంగరము వలననే కదా! అయితే అదే ఉంగరము పరహస్తగతమైనచో ఏమగునో విశాఖదత్తుడు ముద్రారాక్షసమున చూపెను. రాక్షసామాత్యుని ముద్రిక చాణక్యుని చేతబడినది. ఆ ముద్రతో కూటలేఖ సిద్ధమైనది. దానిని నమ్మి మలయకేతువు తన మేలుకోరు మంత్రినే దూరము చేసికొనెను. ముద్ర ఎవరిదో ముద్రిక చెప్పును గాని, వేసిన చేయి ఎవరిదో అది చెప్పజాలదు.

నేడు మన ఇండ్లలో కంప్యూటరును తెరువగానే ఎదురగు ప్రశ్నయు ఇదియే. పాస్‌వర్డు అని అందరును వ్యవహరించు సంకేతపదమును అడిగి గాని అది లోనికి రానీయదు. ఈ ప్రశ్నను పెక్కుమంది విసుగుగా భావింతురు. కాని దీని చరిత్రను తరచి చూచినచో ఒక వింత కనబడును. కంప్యూటరును కాపాడుటకు ఏమి చేయవలెనో దానిని నిర్మించినవారు 1960లలోనే చాలవఱకు నేర్చుకొనిరి. యంత్రము ఇంటికి వచ్చినప్పుడు ఆ పాఠమును మరచిరి. పిమ్మట నష్టపడి దానినే తిరిగి నేర్చుకొనిరి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961వ సంవత్సరమున ఫెర్నాండో కార్బాటో నాయకత్వమున ఒక నూతన పద్ధతి ప్రదర్శితమైనది. అంతవఱకు కంప్యూటరు ఒకసారి ఒకరి పని మాత్రమే చేసెడిది. ఈ పద్ధతిలో అది తన కాలమును సూక్ష్మఖండములుగా విభజించి, అనేకులకు ఏకకాలమున పనిచేయుచున్నట్లు తోచెడిది. ఒకే యంత్రమున అనేకుల కాగితములు చేరెను. ఎవరి కాగితములు వారికే చిక్కవలెను. ఎవరికి కేటాయించిన యంత్రకాలము వారే వాడుకొనవలెను. అందులకై ప్రతివానికిని ఒక పేరును, ఒక సంకేతపదమును ఇచ్చిరి. కావున కంప్యూటరు సంకేతపదము మొదట పుట్టినది దొంగల భయమున కాదు. ఉమ్మడి సొత్తును పంచుకొను అవసరమున. ఉమ్మడి కుటుంబమున ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొనుట వంటిది ఈ ఏర్పాటు.

తాళము పుట్టిన కొలదికాలమునకే దానిని తప్పించుకొను మార్గమును పుట్టెను. అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల యంత్రకాలమే కేటాయింపబడినది. అది చాలక, 1962లో అతడు సంకేతపదముల పట్టిక ఎచట నున్నదో తెలిసికొని, దానిని అచ్చువేయుమని యంత్రమునకే ఒక చిల్లుల కార్డు ద్వారా ఆజ్ఞ పంపెను. యంత్రము విధేయముగా అచ్చువేసి ఇచ్చెను. ఈ సంగతిని అతడు బహిరంగముగా ఒప్పుకొనునప్పటికి సుమారు ఇరువదియైదు సంవత్సరములు గడచెను. 1966లో జరిగినది ఇంకను విడ్డూరము. నాటి ప్రకటనను, సంకేతపదముల పట్టికను ఒకే సమయమున సవరించుచుండగా, రెండింటి తాత్కాలిక ప్రతులకును ఒకే పేరుండుట వలన అవి తారుమారైనవి. ఆ దినమున యంత్రమును ప్రవేశించిన ప్రతివానికిని ప్రకటనకు బదులు అందరి సంకేతపదములును దర్శనమిచ్చెను!

ఈ రెండు సంఘటనలలోను తాళము బలహీనమైనది కాదు. తాళపుచెవులన్నింటిని ఒకే గూటిలో ఉంచుటయే లోపము. దీనికి విరుగుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున లభించెను. రోజర్ నీడ్‌హామ్ సూచించిన ఆ ఉపాయమును మారిస్ విల్క్స్ 1968లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. సంకేతపదమును యంత్రము దాచనే దాచదు. దానిని ఒక గణితక్రియచే మార్చి, మారిన రూపమును మాత్రమే దాచును. గోధుమలను పిండిచేయుట సులభము. పిండిని తిరిగి గోధుమలు చేయుట అసాధ్యము. ఈ గణితక్రియయు అట్టిదే. వచ్చినవాడు పలికిన మాటను మరల విసరి, పాత పిండితో సరిపోల్చి చూచిన చాలును. పట్టిక దొంగ చేతబడినను అతనికి పిండియే దక్కును.

అయితే దొంగకు మఱొక దారి కలదు. లోకులు సాధారణముగా వాడు మాటలను ఒక్కొక్కటిగా తానే విసరి, ఏ పిండి ఏ మాటకు సరిపోవునో చూడవచ్చును. యూనిక్సు పద్ధతి నిర్మాతలలో ముఖ్యులైన కెన్ థాంప్సన్, రాబర్ట్ మోరిస్ 1979లో ప్రచురించిన వ్యాసమున దీనిని లెక్కలతో నిరూపించిరి. వారు సేకరించిన 3,289 సంకేతపదములలో 2,831, అనగా నూటికి 86, అతి చిన్నవో, నిఘంటువులలో దొరకునవో, సులభముగా ఊహింపదగినవో అయియుండెను. కొందఱు ఒకే అక్షరముతో సరిపెట్టుకొనిరి. ఇట్లు ఇరువది సంవత్సరములు నిండకమునుపే మూడు పాఠములు తేటపడెను: ఒకరి హద్దులోనికి మఱొకరు పోరాదు, రహస్యములను ఒకచోట పోగుచేయరాదు, మానవుని జ్ఞాపకశక్తిపై మోయరాని బరువు పెట్టరాదు.

ఇంతలో కంప్యూటరు చిన్నదై ఇండ్లకు వచ్చెను. 1977లో ఆపిల్ 2, 1981లో ఐబీఎమ్ వారి పర్సనల్ కంప్యూటరు వెలువడెను. వీనిలో ప్రవేశద్వారమే లేదు; మీట నొక్కినవాడే యజమాని. దీనిని తెలివితక్కువ అనుటకు వీలులేదు. ఒకరి యంత్రము ఒకరి బల్లపై నుండెను. ఇంటి తలుపే దానికి కాపలా. 1984లో వచ్చిన ఐబీఎమ్ ఏటీ యంత్రమునకు ముందుభాగమున నిజమైన ఇనుపతాళము అమర్చిరి. తాళపుచెవి త్రిప్పిన మీటలపలక పనిచేయదు. బీరువాకు తాళము వేసినట్లే యనుకొనిరి.

కాని యంత్రమునకు ఇంటి తలుపొక్కటియే ద్వారము కాదని త్వరలోనే తెలియవచ్చెను. 1986లో లాహోరునుండి బయలుదేరిన బ్రెయిన్ అను వైరసు, ఫ్లాపీ పలకలపై నెక్కి దేశదేశములు తిరిగెను. 1988 నవంబరు 2న తంతులవెంట ప్రాకిన మఱొక పురుగు వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసెను. తనలో నిమిడ్చియున్న 432 మాటల పట్టికతో అది సంకేతపదములను ఊహించుచు పోయెను. దానిని వ్రాసిన విద్యార్థి ఎవరో కాదు, సులభమైన సంకేతపదముల ప్రమాదమును 1979లో లోకమునకు చాటిన మోరిస్‌గారి కుమారుడే. తండ్రి హెచ్చరించిన లోపమునే కుమారుని పురుగు వాడుకొనెను.

1995లో విండోస్ 95 వచ్చునప్పటికి అంతర్జాలము ఇంటి గడప త్రొక్కుచుండెను. ఆ పద్ధతిలో పేరును, సంకేతపదమును అడుగు చిన్న పెట్టె కనబడెడిది. కాని రద్దు మీట నొక్కినచో, ఏమియు చెప్పకయే లోనికి పోవచ్చును. తాళము వేసి గొళ్ళెము మరచుట యనగా ఇదియే. నిజమైన ప్రవేశరక్షణ గల విండోస్ ఎన్‌టీ 1993లోనే వెలువడినను, అది ప్రధానముగా కార్యాలయములకే పరిమితమైనది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఆ రక్షణను ఇండ్లకును తెచ్చెను. అయినను ఒక పెద్ద వెలితి మిగిలెను. యంత్రమును మొదట సిద్ధపరచునప్పుడు ఏర్పడిన ఖాతాలన్నింటికిని సర్వాధికారము లభించెడిది, సంకేతపదమైనను అక్కఱలేదు.

సర్వాధికారము వలన వచ్చు హాని ఏమి యని సందేహము కలుగవచ్చును. కంప్యూటరులో ప్రతి పనిముట్టును తనను నడుపువాని అధికారముతోనే నడచును. ఆటకై పిల్లవాడు తెరచిన దస్త్రములో విషముండినచో, ఆ పిల్లవానికి గల అధికారమంతయు ఆ విషమునకును సంక్రమించును. పెరుగు తెచ్చుటకు పంపు పాలేరు చేతికి ఇనుపపెట్టె తాళపుచెవి కూడ ఇచ్చి పంపుదుమా? ఇండ్లలో జరిగినది మాత్రము అదియే. 2007లో విండోస్ విస్తా దీనిని సరిదిద్దబూనెను. సర్వాధికారియు సాధారణముగా సామాన్యుని వలెనే పనిచేయును, యంత్రవ్యవస్థను మార్చు పని వచ్చినపుడు మాత్రము "అనుమతింతువా?" అను ప్రశ్న వచ్చును. ప్రశ్నలు మితిమీరుటచే జనులు విసిగి, చదువకయే ఒప్పుకొనసాగిరి. 2009లో వచ్చిన విండోస్ 7 ఆ ప్రశ్నలను తగ్గించెను.

జ్ఞాపకశక్తిపై బరువు మోపరాదను పాఠమునకును ఇదే గతి పట్టెను. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములయందు అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ చేసిన సూచనలను అనుసరించి, సంకేతపదమున పెద్దక్షరములు, అంకెలు, చిహ్నములు కలిపి, తరచుగా మార్చవలెనను నియమము లోకమంతట వ్యాపించెను. ఫలితముగా జనులు పాతమాట చివర 1 తీసి 2 చేర్చిరి. లేదా కాగితముపై వ్రాసి తెరకు అంటించిరి. 2017లో అదే సంస్థ ఆ సలహాను మార్చుకొని, పొడవైన పదము మేలనియు, బయటపడినదను ఆధారము లేనిదే ఊరక మార్పింపరాదనియు ప్రకటించెను. సంకేతపదములకు ఆద్యుడైన కార్బాటో 2019లో మరణించెను. ఇన్ని సంకేతపదములను గుర్తుంచుకొనుట అసాధ్యమైనదని ఆయనయే 2014లో వాపోయెను.

తెలిసిన మాట చాలనప్పుడు చేతనున్న గురుతును తోడు తెచ్చుకొనుట సహజము. మనదేశమున అంతర్జాలముపై కార్డుతో సొమ్ము చెల్లించుటకు అదనపు నిరూపణ యుండవలెనని రిజర్వు బ్యాంకు విధించిన నియమము 2009 ఆగస్టు 1న అమలులోనికి వచ్చెను. ఓటీపీ అను మాట మన వంటయిండ్ల వఱకు చేరినది అటుపిమ్మటనే. అయితే ఓటీపీయు మాటయే గనుక, తియ్యగా పలుకు వంచకునికి దానిని ఫోనులో చదివి వినిపించువారు నేటికిని కలరు. ఈ లోపమును తీర్చునది పాస్‌కీ. దీని ప్రమాణము 2019లో సిద్ధమైనది. 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు దీనికి విరివిగా ఆదరణ కల్పింతుమని కలసి ప్రకటించినవి. ఇందలి రహస్యమును యజమాని సైతము ఎఱుగడు, కావున ఒకరికి చెప్పజాలడు. అది ఏ స్థలముతో ముడిపడెనో ఆ స్థలమునకే బదులిచ్చును గాని, నకిలీ స్థలమునకు పలుకదు. రాక్షసామాత్యుని ముద్రికకు ఈ గుణమే యుండినచో చాణక్యుని ఎత్తు పాఱెడిది కాదు.

విండోస్ యంత్రములలోని పిన్ సంఖ్యను గూర్చియు ఒక మాట చెప్పవలెను. నాలుగంకెల సంఖ్య పొడవైన సంకేతపదముకంటె మేలెట్లగును? సంకేతపదము లోకమున ఎచటనుండియైనను పనిచేయును. పిన్ మాత్రము ఆ ఒక్క యంత్రముననే చెల్లును. తప్పుగా పలుమారు కొట్టినచో యంత్రము అడ్డగించును. దూరదేశపు దొంగకు ఆ సంఖ్య తెలిసినను నిరుపయోగము.

ఈ చరిత్రనుండి గృహస్థులు గ్రహింపదగినవి కొన్ని కలవు. సెట్టింగులలో ఖాతాల విభాగమును తెరచి, సర్వాధికారము గల ఖాతా నొకదానిని వేఱుగ ఉంచి, నిత్యము వాడుటకు సామాన్య ఖాతాను ఏర్పరచుకొనుట మొదటిది. ఇంటిల్లిపాదికి ఒకే ఖాతా కాక ఎవరిది వారికి ఇచ్చుట రెండవది. 1961నాటి పాఠము ఇదియే. బల్ల విడిచి లేచిన కొలది నిమిషములకే తెర తనంత మూతపడునట్లు చేయుట మూడవది. ఈ-మెయిలునకు రెండవ నిరూపణ నమర్చుట నాల్గవది. ఏలయనగా తక్కిన ఖాతాలలో పెక్కింటి తాళపుచెవులను తిరిగి పొందు దారి అదియే.

ఐదవది అందఱును మరచునది. ఇటీవలి విండోస్ యంత్రములలో పెక్కింటియందు డిస్కులోని విషయమంతయు రహస్యలిపిలో నుండును. యంత్రము చెడినపుడు దానిని తెఱచుటకు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య కావలెను. అది లేనిచో పెండ్లి చిత్రములు, పింఛను పత్రములు, పొలము కాగితముల ప్రతులు దొంగకు చిక్కనట్లే యజమానికిని చిక్కవు. ఇంటిపెద్ద ఒక్కని కంఠస్థమునందే అన్నియు నుండి, ఆయనకు ఏదైన జరిగినచో కుటుంబము తన యింటి వాకిటనే పరాయిదగును. కావున ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులున్న బీరువాలోనే భద్రపరచి, అది ఎచటనున్నదో నమ్మకమైన మఱొకరికి తెలుపవలెను. రోమను సేనాపతి పలకలన్నియు తిరిగివచ్చెనా యని ప్రతిరాత్రియు లెక్కచూచుకొనెను. మనము సంవత్సరమున కొకమారైనను ఆ లెక్క చూచుకొనుట మంచిది.