ఇంటి శుభ్రత: చేతులు మారిన చరిత్ర

ఉగాదికి ముందు వారం రోజులు తెలుగువారి ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నా ఒకే తీరుగా కనిపిస్తుంది. అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. బూజుకర్ర దూలాల సందుల్లోకి పోతుంది. ఏడాది పొడుగునా మూలన నల్లబడిన ఇత్తడి బిందె చింతపండుకోసం ముందుకు వస్తుంది. మన ధర్మాబాదులో ఈ సందడి రెండింతలు. మనకు ఉగాది అయిన నాడే ఇరుగుపొరుగు మరాఠీ సోదరులకు గుడీపాడవా గదా! నడిమి గోడకు ఇటు మనం, అటు వారు సున్నం వేస్తూ ఉంటాము. వాకిట మనం చల్లేది సానుపు, వారు చల్లేది సడా. మనం అలుకు అంటే వారు సారవణ అంటారు. మన ముగ్గు వారికి రాంగోళీ. మాటలు రెండైనా పని ఒక్కటే.

ఈ పనికీ ఒక చరిత్ర ఉన్నది. రాజుల పేర్లతోనూ, యుద్ధాల తేదీలతోనూ నిండిన పుస్తకాలలో దానికి చోటు దొరకలేదు. కాని అది తెలుసుకుంటే తీరిక లేని నేటి గృహస్థుకు పనులు కొన్ని తేలిక అవుతవి. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న కూడా ఒకటి ఎదురవుతుంది. ఇన్ని తరాలుగా మన ఇండ్లను శుభ్రంగా ఉంచిన చేతులు ఎవరివి?

పాతకాలపు గృహిణికి రసాయనశాస్త్రం చదువు లేదు. ఐనా ఏ మురికికి ఏది విరుగుడో ఆమెకు తెలుసు. కట్టెల పొయ్యి మీద వండేవారికి బూడిద ఊరికే దొరికేది. అందులో క్షారం ఉంటుంది. బోళ్ళకు అంటిన జిడ్డుతో ఆ క్షారం కలిసినప్పుడు రవ్వంత సబ్బు అక్కడికక్కడే తయారవుతుంది. బూడిదలోని సన్నని గరుకు మిగిలిన పని పూర్తి చేస్తుంది. ఇత్తడి, రాగి పాత్రల చిలుముకు బూడిద చాలదు, పులుపు కావాలి. చింతపండులోని ఆమ్లం ఆ చిలుమును కరిగిస్తుంది. పట్టుచీరకూ, బంగారు నగకూ ఈ రెండూ పనికిరావు. వాటికి కుంకుడుకాయ నురుగు. అది మెత్తగా మురికిని తీస్తుంది, దారాన్ని కొరకదు. మోటుబట్టలకు చాకలివారు చవుడు పట్టించి, బాన మీద ఆవిరికి ఉబ్బ వేసి, తరువాత రేవులో బండ మీద ఉతికేవారు. ఇక గోడలకు సున్నం. కాల్చిన రాయిని నీళ్ళలో విరియబెట్టగా వచ్చిన ఆ తెల్లని ద్రవం గాటైన క్షారం. గోడను అంటిన క్రిములను చంపుతుంది, కిటికీలు తక్కువైన ఇంటికి వెలుగునూ ఇస్తుంది.

పేడ అలుకు సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. మట్టినేల మీద దుమ్ము లేవకుండా పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు. అది క్రిములను చంపుతుందన్న నమ్మకం మాత్రం సరికాదు. పశువుల పేడలో ధనుర్వాతపు బీజాలు ఉండవచ్చు. అందుకే పసిబిడ్డ బొడ్డుకు గాని, పుండుకు గాని పేడ తగలనీయరాదు. పెద్దలనుంచి వచ్చినదంతా మంచి అనడమూ పొరపాటే, అంతా మూఢత్వం అనడమూ పొరపాటే. ఏది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకొని తీసుకోవడం వివేకం.

ఈ పద్ధతి సొగసుగా కనిపించినా, దాని ఖరీదు కాలంతోనూ కష్టంతోనూ కట్టినది. కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చేది ఆడది. బావినుంచి నీళ్ళు తోడేదీ, బోళ్ళు తోమేదీ ఆమే. ఊరందరి బట్టలు ఉతికిన చాకలికి కళ్ళంలో కొలిచే గింజలే కూలి. ఊరి మలినాన్ని ఎత్తిపోసిన వారిని ఊరి బయటనే ఉంచినారు. శుభ్రత అందరికీ కావలసి వచ్చింది గాని, శుభ్రం చేసినవారికి గౌరవం దక్కలేదు. మనుషులచేత మలం ఎత్తించే దురాచారాన్ని నిషేధిస్తూ శాసనం రావడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది. అది చాలక 2013లో మరొక శాసనం చేయవలసి వచ్చింది.

ఈ అన్యాయాన్ని చీపురుతోనే ఎదిరించిన మహనీయుడు మన మహారాష్ట్రలోనే పుట్టినాడు. గాడ్గే మహారాజ్ 1876లో అమరావతి జిల్లా షేండ్‌గావ్‌లో చాకలి కులంలో జన్మించినాడు. తల మీద మట్టిపాత్ర, చేతిలో చీపురు ఆయన వేషం. ఏ ఊరు చేరినా ముందు వీధులు ఊడ్చేవాడు, రాత్రికి కీర్తన చేసేవాడు. ఊరివారు ఇచ్చిన ధనంతో ధర్మశాలలూ, విద్యాలయాలూ కట్టించినాడు. 1956 డిసెంబరు 20న ఆయన కన్నుమూసినాడు. 2000–01లో మహారాష్ట్ర ప్రభుత్వం గ్రామ పారిశుద్ధ్య ఉద్యమానికి ఆయన పేరే పెట్టింది. కీర్తనకు ముందు చీపురు అన్న ఆయన క్రమం తెలుగువారమైన మనమూ నేర్వదగినది.

ఇంతలో బయటినుంచి కొత్త సరకులు వచ్చినవి. 1888లో కలకత్తా రేవులో లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బుపెట్టెలు దిగినవి. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. 1916లో మైసూరు ప్రభుత్వం బెంగుళూరులో సొంత సబ్బు కర్మాగారం పెట్టింది. సికింద్రాబాదునుంచి మన ఊరిమీదుగా మన్మాడుకు పోయే రైలుమార్గం 20వ శతాబ్దపు తొలినాళ్ళకు సిద్ధమైనది. పట్టణపు సరకు పల్లెకు చేరడానికి దారి అట్లా పడినది.

సరకుతోపాటు భయం కూడా వచ్చింది. 1896లో బొంబాయిలో ప్లేగు తలయెత్తింది. ఇల్లు శుభ్రం చేసుకోవడం అంతవరకు ఇంటివారి సంగతి. ఆ తరువాత అది సర్కారు సంగతి అయినది. అధికారులు ఇండ్లలో జొరబడి సామాను వీధిలో వేయించి, మందునీళ్ళు చల్లించి, సున్నం కొట్టించేవారు. ఆ మరుసటి ఏడే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినాడు. మురికి అంటే కంటికి కనిపించే మసి మాత్రమే కాదనీ, తేటగా నిలిచిన నీళ్ళు కూడా ప్రాణం తీయగలవనీ తెలుగు గడ్డమీద జరిగిన ఆ పరిశోధన లోకానికి బోధపరచింది. 1953లో దేశమంతటా మలేరియా నివారణ కార్యక్రమం మొదలైనది. ఇంటింటికీ డీడీటీ కొట్టినారు. మందు చల్లిన గోడను మన ఆడవారు పండుగకని మళ్ళీ అలికితే మందు కిందపడి పనిచేయకుండా పోయేది. రెండు శుభ్రతలు ఒకదానితో ఒకటి తగవులాడిన కాలమది.

అదే కాలంలో మన చుట్టూ సరిహద్దులు కూడా మారినవి. 1948 దాకా నిజాం రాజ్యం, 1956 నవంబరు 1నుంచి బొంబాయి రాష్ట్రం, 1960 మే 1నుంచి మహారాష్ట్ర. పొరుగున ఉన్న ముధోల్, భైంసా తెలుగు రాష్ట్రంలో చేరినవి, ధర్మాబాదు ఇటు నిలిచింది. మనలో కొందరం ఆ గీతకు ముందునుంచే ఇక్కడివారం, కొందరం వ్యాపారానికో, ఉద్యోగానికో తరువాత వచ్చినవారం. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చి, సబ్బుపొడి క్రమంగా సామాన్యుల ఇంటికి చేరింది. బూడిదా, చవుడూ, కుంకుడుకాయా వెనుకకు తగ్గినవి. ఎన్నో మందుల స్థానంలో ఒకే పొడి వచ్చింది. సౌకర్యం పెరిగింది, కాని ఏ మురికికి ఏది విరుగుడు అన్న జ్ఞానం మరుగున పడినది. తీరిక లేనివారికి ఆ జ్ఞానమే అసలైన సహాయం. మన ఊరికి తగిన సంగతులు కొన్ని ఇక్కడ మనవి చేస్తాను.

మనది మిరప బజారు ఉన్న ఊరు. కారపు దుమ్మును పొడి చీపురుతో ఊడ్చకండి, ఇల్లంతా తుమ్ములే. తడిగుడ్డతో తుడవండి. చేతులు మండితే ఊరికే నీళ్ళు పోసుకొని లాభం లేదు. మిరప ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కొంచెం నూనె రుద్ది, తరువాత సబ్బుతో కడుక్కోండి.

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. బెదరకండి, అది క్షారం తగిలిన పసుపు స్వభావం. ఉతికి మంచి ఎండలో ఆరవేస్తే మరక వెలిసిపోతుంది.

బోరు నీళ్ళలో సున్నపు పాలు ఎక్కువైతే సబ్బు నురుగు రాక తెట్టె కడుతుంది. అటువంటి చోట సబ్బుబిళ్ళకంటె డిటర్జెంటు పొడి మేలు. కుళాయికి పట్టిన తెల్లని పొర నిమ్మరసానికి గాని చింతపులుసుకు గాని లొంగుతుంది.

ఐతే ఆ పులుపే నేల మీద పడనీయకండి. మన ఇండ్లలో పరచిన షాబాదు బండ, తాండూరు బండ సున్నపురాళ్ళే. బిందెను మెరిపించే ఆమ్లం బండను తినివేస్తుంది. నేలకు సబ్బునీళ్ళు చాలు.

మరుగుదొడ్డి ఆసిడునూ, బ్లీచింగు పొడినీ ఎన్నడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన చిన్న గదిలో అది ప్రాణాపాయం.

పని ఎప్పుడూ పైనుంచి కిందికి సాగాలి. ముందు బూజు, తరువాత అలమార్లు, చివరకు నేల. పండుగ ముందు ఒకేరోజు ఇల్లంతా పెట్టుకోకుండా రోజుకొక గది చొప్పున చేస్తే నడుము నిలుస్తుంది. నీళ్ళ తొట్లనూ, కూలరునూ వారానికొకసారి పూర్తిగా వంచి, రుద్ది, ఆరబెట్టండి. దోమ గుడ్డు రెక్కలు తొడుక్కోవడానికి దాదాపు వారమే పడుతుంది. ఉగాది పచ్చడికి పిసికిన చింతపండు పిప్పిని పారవేయకండి, దేవుని ఇత్తడి దీపాలకు అది చాలు.

ఇవన్నీ తెలిసినా ఒక్క చేతి మీద పడితే భారమే. నేడు మన ఆడపడుచులు బడుల్లో చదువు చెపుతున్నారు, బ్యాంకుల్లో లెక్కలు రాస్తున్నారు, దుకాణాలు నడుపుతున్నారు. సాయంకాలం ఇంటికి చేరగానే ఆ చేతికే మళ్ళీ చీపురు ఇవ్వడం న్యాయమా? బయట పని ఇద్దరిదీ అయినప్పుడు ఇంటి పని ఒకరిదే కారాదు. చీపురు లక్ష్మీస్వరూపం, దానిని కాలితో తాకరాదు అని మన పెద్దలు చెప్పినారు, మరాఠీ సోదరులు దీపావళికి కేర్సుణికి పూజ చేస్తారు. మగవాడు లక్ష్మిని చేతిలోకి తీసుకుంటే తప్పేమిటి? ఇంట్లో పనికి వచ్చే మనిషి ఉంటే, ఆమెకూ పండుగ ఉన్నదని గుర్తుంచుకొని జీతంతోపాటు సెలవు కూడా ఇవ్వాలి.

బూడిదనుంచి సబ్బుపొడి దాకా వస్తువులు మారుతూ వచ్చినవి. మారవలసినది ఇంకొకటి మిగిలింది. ఈ ఉగాదికి ప్రతి తెలుగు ఇంటా అందరి చేతులూ కలిసి బూజు దులపాలనీ, ఆ శుభ్రతలో అందరికీ సమానమైన గౌరవం దక్కాలనీ, నూతన సంవత్సరం మనకూ మన పొరుగువారికీ ఆరోగ్యాన్ని ఇవ్వాలనీ కోరుతున్నాను.