మిన్నెసోటాలో సోమాలీ వలసదారులకు సామాజిక సంస్థల అండ

అంతర్యుద్ధం కారణంగా సోమాలియాను వీడిన వేలాది కుటుంబాలు 1990వ దశకం నుంచి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడ్డాయి. వీరిలో అనేకులు చిరు వ్యాపారాలను జీవనాధారంగా ఎంచుకున్నారు. అయితే ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కావడంతో పలువురు బ్యాంకు రుణాలకు దూరంగా ఉండిపోయారు.

ఈ లోటును తీర్చేందుకు, శరణార్థిగా వచ్చి బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన హుసేన్ సమతార్ 2003లో మినియాపొలిస్‌లో ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ సెంటర్‌ను నెలకొల్పారు. శిక్షణ, రుణాలతో పాటు వడ్డీ లేని ఆర్థిక సహాయాన్నీ ఈ సంస్థ అందుబాటులోకి తెచ్చింది. ఈ విధానంలో వ్యాపారికి కావలసిన సామగ్రిని ముందుగా కొనుగోలు చేసి, నిర్ణీత లాభం కలిపి, వాయిదాల పద్ధతిపై అతనికి విక్రయిస్తారు.

ఆరోగ్య రంగంలోనూ ఇటువంటి వారధి అవసరమైంది. ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న నిరాధార ప్రచారం ఈ సమాజంలో భయాన్ని నింపింది. ఫలితంగా మిన్నెసోటాలో జన్మించిన సోమాలీ సంతతి చిన్నారుల్లో 2004లో 92 శాతంగా ఉన్న ఈ టీకా స్వీకరణ 2014 నాటికి 42 శాతానికి పడిపోయింది. 2017లో రాష్ట్రంలో 75 మందికి తట్టు సోకింది. బాధితుల్లో అత్యధికులు టీకా పొందని సోమాలీ చిన్నారులే.

అప్పుడు ఆరోగ్య శాఖ ఇమామ్‌లను, సోమాలీ భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్తలను, సామాజిక సంస్థలను కలుపుకొని అవగాహన కల్పించింది. తల్లుల సందేహాలకు వారి భాషలోనే సమాధానం చెప్పగలవారు ఈ కృషిలో కీలకమయ్యారు.