మంచుగడ్డల నడుమ మెరుపు వెలుగు

చీకటిలో నిలిచిన పెద్ద ఓడను ఛాయాచిత్రము తీయుటకు ఒక్క మెరుపు చాలదు. షాకిల్టను అంటార్కిటికా యాత్రలో ఛాయాగ్రాహకుడైన ఆస్ట్రేలియావాసి ఫ్రాంక్ హర్లీకి ఈ చిక్కే వచ్చెను. వారి ఓడ ‘ఎండ్యూరెన్స్’ 1915 జనవరిలో వెడెల్ సముద్రపు మంచులో బిగిసిపోయెను.

ఆగస్టు 27 రాత్రి అతడు కెమెరా కన్ను తెరచియుంచి, మంచుదిబ్బల చాటున ఒకదాని తరువాత నొకటిగా సుమారు ఇరువది మారులు ఫ్లాష్ పొడిని మండించెను. అందు పది ఓడకొరకే. చుట్టును చీకటి యగుటచే మెరుపునకు మెరుపునకు నడుమ గాజుపలకపై ఏమియు పడలేదు. వెలుగు మాత్రము కొంచెము కొంచెముగా కూడుకొనెను. ఓడ కదలక నిలుచుటయు కలిసివచ్చినది. అంత ఓపిక ఏ స్టూడియోలో కూర్చున్నవారికిని ఉండదు! హర్లీకి మాత్రము కన్నులు మిరుమిట్లు గొని, దారి తప్పి, మంచుకొనలు కాళ్లకు తగిలి, మెత్తని మంచులో కూరుకొనిపోవలసివచ్చెను. చిత్రములో నల్లని ఆకాశము ముందు మంచు పట్టిన త్రాళ్లును స్తంభములును తెల్లగా, ఎముకలవలె కనబడును.

నవంబరు 21న ఓడ మునిగెను. అంతకుముందే హర్లీ నీరు నిండిన ఓడలోనికి దిగి పలకలను వెలికి దీసెను. కాని వానినన్నిటిని మోయుట యెట్లు? షాకిల్టనుతో కూర్చుండి సుమారు 120 ఏరుకొని, మిగిలిన 400 పలకలను, మనసు మారకుండుటకై, అక్కడనే పగులగొట్టెను. ఆ రాత్రి చిత్రము ఏరిన వానిలో దక్కినది.